ఆదోనికి తరలిపోయిన ఆట

"ఈయేళ ఉప్మా ఎవరి గ్యాపకంతో సేసినావే?" అనడిగాడు తవిటినాయుడు.

"ఎవరో తెనాలి మామ్మగారిది మావా, అద్దెకొచ్చింది. ఉప్పు సరిపోనాదా?" చెవి వెనకున్న స్మృతిపూసను సర్దుకుంటూ అంది అతని భార్య వరహాలు.

సరిపోయింది. అందరిళ్ళలోనూ ఉప్పు సరిపోయే కాలం అది. గింజంత స్మృతిపూస చెవి వెనక అంటించుకుంటే చాలు, ఒకరి జ్ఞాపకం ఇంకొకరి తలలోకి వచ్చేస్తుంది. వంటా, ఈతా, కుట్టుపనీ, ఏదైనా సరే. ఇవ్వడం ఎంత తేలికో తీసేసుకోవడమూ అంతే తేలిక. ఆ రెండో సంగతే జనానికి ఆలస్యంగా తెలిసింది.

తవిటినాయుడికి తెలిసింది బేస్‌బాల్ వల్ల. ఆ ఆట పోటీల్లో తూర్పు విభాగం మొదలైనప్పుడు అందులో జట్లు ఐదు. భీమిలి, తుని, పలాస, బొబ్బిలి, రాజాం, అన్నీ పేరుకు తగ్గ తూర్పు ఊళ్ళే. తర్వాత తుని జట్టును నిజామాబాదు వాళ్ళు కొనుక్కున్నారు. పలాస జట్టు హోసూరు పోయింది. బొబ్బిలి మూతబడి, మళ్ళీ పుట్టి, రాయచూరులో తేలింది. రాజాం జట్టు ఏమైందో రాజాం వాళ్ళకే తెలీదు. మిగిలిన భీమిలి కూడా మొన్న వేసవిలో ఆదోనికి తరలిపోయింది. పేరు మాత్రం ఇప్పటికీ తూర్పు విభాగమే. నేతిబీరకాయలో నెయ్యి ఉంటుందా ఏమిటి!

మరి కొత్త ఊళ్ళో అభిమానులు ఎక్కణ్ణుంచి వస్తారు? అందుకే విభాగ మండలి 'అభిమాన బదిలీ' కనిపెట్టింది. పాత ఊరివాళ్ళ తలల్లోంచి ఆటల జ్ఞాపకాలు తీసి కొత్త ఊరికి పంచుతుంది. టికెట్టు కొన్నప్పుడే అందరూ ఒప్పుకున్నారట. టికెట్టు వెనక చదివే తీరికెవరికి?

భీమిలి కప్పు గెలిచిన రోజు మూడో బేస్ దగ్గర నిలబడి ఆడింది తవిటినాయుడే. వరహాలు అతన్ని మొదటిసారి చూసింది ఆ రోజే, జనం మధ్య కూర్చుని. ఇంటికెళ్ళి తండ్రితో "సేసుకుంటే ఆ మడిసినే" అని తెగేసి చెప్పింది. ఇప్పుడా రోజు ఆమె తలలో లేదు.

"మంచోడివే మావా. కానీ నిన్నే ఎందుకు సేసుకున్నానో తెలీకండా ఉంది," అంది ఒకనాడు బియ్యం ఏరుతూ, మామూలుగా. ఆ మామూలుతనానికే అతని ప్రాణం ఉసూరుమంది. అప్పట్నుంచి ఏ పని చేసినా అలసటే.

ఆదోనిలో సన్మానం చేస్తామని కబురొస్తే భార్యను వెంటబెట్టుకుని బయల్దేరాడు. శాలువా ఎవడిక్కావాలి? ఆ ఒక్క రోజు జ్ఞాపకం అడిగి వెనక్కి తెచ్చుకోవాలని అతని ఆశ.

స్టేషన్ బయట టీ కొట్టాయన అతన్ని చూసి గ్లాసు పక్కన పెట్టేశాడు. "అన్నా, మోకాలు ఇంకా నొప్పి పెడ్తాందా? ఆ పొద్దు అంత ఎండలో టోపీ లేకుండ ఆడ్తివి. నా పానం పానంలో లేదప్పా!"

తవిటినాయుడు తెల్లబోయాడు. "ఆట ఎన్ని పరుగులతో గెలిసినామో గుర్తుందా బాబూ?"

"ఏమోన్నా. బంతి చూసినట్టే లేదు. నిన్నే చూస్తా ఉంటి."

మైదానం గేటు దగ్గర, వరహాలు వెనకబడి ఉండగా, మండలి అధికారి శేషఫణి గర్వంగా వివరించాడు. "వేలమంది జ్ఞాపకాల్లోంచి అన్నిటికన్నా స్పష్టమైనదాన్ని యంత్రమే ఎంచుతుంది సార్. దాన్నే ఊరందరికీ పోస్తాం. ఈసారి ఎంచింది మీ ఆవిడగారిది. అంత కళ్ళార్పకుండా చూసినవాళ్ళు ఇంకొకరు లేరు."

"అయితే ఆవిడది ఆవిడికి ఇచ్చీండి బాబూ. మీకు దండం పెడతాను."

"ఒకసారి తీసినచోట మళ్ళీ అతకదు సార్. కొత్తవాళ్ళకే అతుకుతుంది. ఇలాంటిది ఇదివరకు ఎవరూ అడగలేదు." అతని గొంతులో గర్వం తగ్గింది.

తవిటినాయుడు మైదానంలోకి నడవగానే ఊరంతా లేచి నిలబడింది. చప్పట్లు లేవు, ఈలలు లేవు. హమాలీలు, పూలమ్ముకునేవాళ్ళు, మీసాల పెద్దమనుషులు, అందరూ అతన్నే కళ్ళార్పకుండా చూస్తున్నారు.

పక్కకు చేరిన వరహాలుకి ఒళ్ళు మండింది. "ఈళ్ళేటి మావా, నిన్నలాగ సూస్తన్నారు? సిగ్గు నేదా?"

"ఆళ్ళనేటీ అనకే. అది నీ సూపే. నువ్వలాగే సూసీదానివి."

ఆమె ఆ ముఖాలన్నిటినీ చాలాసేపు చూసింది. తర్వాత అతని ముఖంలోకి చూసింది. ఎంత చూసినా ఏమీ గుర్తుకు రాలేదు.

"ఇంతమందికి ఇచ్చినారు గదా మావా," అంది, "నాకు రవ్వంత ఉంచనేదా?"