గునపం అక్షరాలు

పోయిన నెల నాగపూర్‌లో ఒక క్షిపణి శాస్త్రవేత్తను కాల్చి చంపారు. శవం వెనక గోడ మీద ఒక సభ పోస్టర్. లావు అక్షరాలు, సిటీ బస్సులో జనంలా ఒకదాన్నొకటి నొక్కుకుని నిలబడ్డాయి. ఆ ఫాంట్ పేరు ‘గునపం’. ఆ హత్య చేయించిన విదేశీ ముఠా తన కోసమే గీయించుకున్నది. ఇంకెవరి దగ్గరా లేదు.

“ఫోన్లు మనం వింటామని వాళ్లకు తెలుసు,” ఇయర్‌పీస్‌లో చీఫ్ సుబ్బరాయుడు అన్నాడు. “అందుకే పోస్టర్. గునపంలో ఏ హాలు పేరుంటే షూటర్ ఆ హాలుకెళ్తాడు. రేపు యూనివర్సిటీలో ఇంకో క్షిపణి శాస్త్రవేత్త, డాక్టర్ జ్యోతిర్మయి ఉపన్యాసం. ఏ హాలో రహస్యం.”

“ఎవరికి తెలుసు సార్?”

“నాకు, ఆవిడకు, కౌముదికి.”

తార్నాక మెట్రో కింద నిలబడ్డ ఏజెంట్ పరుశురాం నోట్లో చాయ్ చేదెక్కింది. కౌముది డబుల్ ఏజెంట్, మన జీతం తిని వాళ్ల సెంటు పూసుకునే మనిషి. ఎదురుగా భీమయ్య ఫ్లెక్స్ షాపులోంచి ఇప్పుడే బయటికొస్తున్నది. నల్లద్దాలు, చంకలో చుట్టిన పోస్టర్లు.

“సార్, పట్టుకోనా?”

“ముట్టుకోకు. ఢిల్లీ ఆమెను నమ్ముతోంది.”

“ఉపన్యాసమన్నా ఆపండి.”

“ఆర్డర్ లేదు. చూస్తూ ఉండు.”

చూస్తూ ఉండాలట. పై వాళ్ల పరువు నిలవాలి, కింద మనిషి చచ్చినా సరే. గవర్నమెంటు ధైర్యం ఇంతే.

పరుశురాం దొంగ గడ్డం సర్దుకుని, కోచింగ్ సెంటర్ సారు వేషంలో షాపులో దూరాడు.

“ఆ మేడమ్ పోస్టర్ ఇంకోటి ఉన్నదా అన్నా?”

“అన్నీ తీస్కపాయె సార్. గా అక్షరాలు మీకు గూడ కావాల్నా? ఉన్నయి,” అన్నాడు భీమయ్య. “పెన్‌డ్రైవ్ వస్తే ముందుగాల ఫాంట్లే కాపీ కొడ్తం. మా ఫ్లెక్స్ షాపులోళ్ల వాట్సాప్ గ్రూపుల గూడ ఏసిన.”

పరుశురాంకు ఆ మాట చెవికెక్కలేదు. రేపు చావబోయే మనిషి ముఖమే కళ్లలో మెదిలింది.

తెల్లారి, ఆర్డర్ సంగతి దేవుడెరుగు, ఆ పోస్టర్ చింపుదామని క్యాంపస్ గోడలెంట పడ్డాడు. దొరకలేదు. గోడ గోడంతా గునపమే. ‘గ్రూప్స్ డెమో క్లాస్, ఆడిటోరియం’. ‘అన్నకు జన్మదిన శుభాకాంక్షలు’. అన్నిటి కంటే పెద్దది: ‘మెస్ అన్నంలో పురుగులు. లైబ్రరీ హాలుకు కదలండి’. కౌముది పోస్టర్ వాటి కింద ఎక్కడో ఊపిరాడక ఉండుంటుంది.

లైబ్రరీ హాలు మెట్ల మీద మెస్ పిల్లల ధర్నా, వాళ్ల మధ్య గిటార్ కేసుతో ఒక పొడుగు మనిషి. పోస్టర్ చూశాడు, ధర్నా చూశాడు, తల గోక్కున్నాడు. అంతలో ఎదుటి సెమినార్ హాలు ముందు కారు ఆగింది. జ్యోతిర్మయి దిగింది. అతని వేళ్లు కేసు గొళ్లెం మీదికి పోయాయి.

పరుశురాం ఉరికాడు. ధర్నాలో ఒక పిల్ల చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

“లైన్ల కూసో అన్నా. మాకు లేదా ఆకలి?”

“వదులు చెల్లె, ఆమెను చంపుతడు.”

“మెస్సోడు మమ్మల్ని రోజూ చంపుతుండు.”

గొళ్లెం ఊడింది. పరుశురాం కళ్లు మూసుకున్నాడు.

“ఏయ్ గిటారూ, నువ్వు గూడ ఎక్కు.” ధర్నా ఎత్తేయడానికొచ్చిన పోలీసు చెయ్యి షూటర్ కాలర్ మీద పడింది. ధర్నా మొత్తాన్ని వ్యాన్లోకి తోస్తున్నారు. కేసు జారి మెట్ల మీద పగిలింది. రైఫిల్ బయటపడింది.

పరుశురాంనూ ఎత్తి అదే వ్యాన్లో పడేశారు. కౌముది అప్పటికే విమానమెక్కింది.

“శభాష్. ప్లాన్ ప్రకారమే జరిగింది,” చెవిలో సుబ్బరాయుడు అన్నాడు.

సాయంత్రం స్టేషన్ నుంచి వదిలాక, పోలీసులకు అభినందనల ఫ్లెక్స్ కొడుతున్న భీమయ్య కనిపించాడు. అక్షరాలు గునపమే.

“గిరాకీ మస్తున్నది సార్. గా మేడమ్ కలిస్తే, ఇంకో ఫాంట్ తెమ్మని చెప్పు.”