తెరిచి ఉన్న తాళం

లిఫ్టు కింద శవం ఉంది.

హోటల్ గ్రౌండ్ ఫ్లోర్లో, లిఫ్టు గుంతలో మెకానిక్ బోర్లా పడి ఉన్నాడు. స్పానర్ ఇంకా చేతిలోనే ఉంది. ఇన్‌స్పెక్టర్ గుంత అంచున మోకాళ్ళ మీద కూర్చుని టార్చ్ వేసింది. స్టేషన్లో ఆమెకు మొండిఘటమని పేరు. ఎదురుగా ఎవరూ అనరు, అంతే.

"ఇందులో ఎవరి తప్పూ లేదు మేడమ్," అన్నాడు హోటల్ మేనేజర్. ఓనరుకు స్వయానా అల్లుడు. "పైన మెషిన్ రూమ్‌లో మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసుకునే కిందికి దిగాడు. పనైపోయిందని తనే తాళం తీసి స్విచ్ వేశాడు. మళ్ళీ దేనికో గుంతలోకి దిగాడు. ఈలోగా ఎవరో బటన్ నొక్కారు."

"మీరు చూశారా?"

"చూడ్డం దేనికి? పైన తాళం తీసే ఉంది. తాళంచెవి అతని జేబులోనే ఉంది. ఇంకెవరు తీస్తారు?"

మాట సబబుగానే ఉంది. చొక్కా జేబులో నిజంగానే తాళంచెవి దొరికింది. ఆమె దాన్ని కవర్లో వేసి సీల్ చేయించింది.

పైకి వెళ్ళేసరికి స్విచ్‌కి తాళం లేదు. సేఫ్టీ డిపార్ట్‌మెంట్ ఆఫీసర్ అప్పటికే దాన్ని తన కవర్లో వేసి సీల్ చేసేశాడు. పొడుగ్గా, సన్నగా, తొందరన్నదే ఎరగని మనిషి. వాళ్ళ ఆఫీసులో అతన్ని నత్త అంటారు.

"ఆ తాళం నాకు కావాలి."

"మా సాక్ష్యం మేడమ్. ఆర్డర్ తెచ్చుకోండి."

"మిమ్మల్ని పంపిందెవరు?"

"నేనూ మిమ్మల్ని అదే అడుగుదామనుకుంటున్నాను."

ఆమెకు ఒళ్ళు మండింది. ఓనరు పలుకుబడి ఎంతదో ఊరంతా తెలుసు. కేసు పూడ్చిపెట్టడానికే ఈ పెద్దమనిషి దిగాడనుకుంది. విసురుగా వెనక్కి తిరిగింది. పక్కనే దుప్పట్లు దాచే గది. తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది, తాళం లేదు. ఆ కోపంలో ఆమె దాన్ని చూసీ చూడనట్టే దాటిపోయింది.

సాయంత్రంలోగా పై ఆఫీసర్ ఫోన్ చేశాడు.

"యాక్సిడెంటని రాసి క్లోజ్ చెయ్యమ్మా."

"నమ్మకం కుదరలేదు సార్."

"నీ నమ్మకం ఎవడిక్కావాలి? లేదంటే ట్రాన్స్‌ఫర్ తప్పదు."

"పెట్టె సర్దుకునే ఉంచుతాను సార్. అబద్ధం మాత్రం రాయను."

మర్నాడు పొద్దున మార్చురీకి వెళితే, అక్కడ నత్త కనిపించాడు. మెకానిక్ భార్య పక్కన నేల మీద చతికిలబడి, ఆమెకు మంచినీళ్ళ సీసా మూత తీసిస్తున్నాడు.

"అజాగ్రత్తంటండీ," అందామె ఇన్‌స్పెక్టర్‌ని చూసి. ఏడవడం లేదు. గొంతులో నిప్పుంది. "ఇంట్లో ఫ్యాను తుడవాలన్నా మెయిన్ ఆపేసి, ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు మా ఆయన. మా అత్తగారు నవ్వేది. అలాంటోడు స్విచ్ వేసి గుంతలో దిగుతాడా?"

ఇద్దరు పరిశోధకులూ ఒకరినొకరు చూసుకున్నారు.

బయట క్యాంటీన్ బెంచీ మీద ఇన్‌స్పెక్టరే ముందు బయటపడింది. "మీరు కేసు మూసెయ్యడానికి వచ్చారనుకున్నాను."

"మీ గురించి నేనూ అంతే. అందుకే తాళం మీ చేతికివ్వలేదు." అతను నవ్వాడు. ఆ నవ్వు అతని మొహానికి ఎంత బాగుందో గమనించి ఆమె చప్పున టీ గ్లాసు వైపు చూసింది.

"ఆ తాళానికి గ్రీజు మరక లేదు," అన్నాడతను. "దుప్పటి నూగు అంటుకుని ఉంది."

"నా దగ్గరున్న తాళంచెవి నిండా గ్రీజే." ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "మెషిన్ రూమ్ పక్కన దుప్పట్ల గది. దానికి తాళం లేదు."

ఆమె లేచి నిలబడింది.

"రెండూ తెప్పించి, సీళ్ళు విప్పి ఇప్పుడే చూద్దాం," అందామె.

అతను ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపాడు. "మనిద్దరమే విప్పితే మనమే మార్చామంటారు. అందరి ముందూ విప్పుదాం."

"తీరా అక్కడ చెవి ఆ తాళానికి సరిపోతే?"

"ఇద్దరం ఇంటికి పోతాం."

"పోదాం పదండి." ఆమె ఆ చెయ్యి తీయమనలేదు.

హోటల్ లాబీలో ఓనరు, అల్లుడు, సిబ్బంది, సాక్షులుగా పిలిచిన ఇద్దరు పంచాయతీదార్లు. పై ఆఫీసర్ ఓనరు పక్కనే కూర్చున్నాడు. బల్ల మీద రెండు కవర్లు.

సాక్షులు చూస్తుండగా ఎవరి సీలు వాళ్ళే విప్పారు. ఇన్‌స్పెక్టర్ తాళాన్ని నొక్కి మూసింది. టక్కుమంది.

"తాళం తీసి ఉంది, చెవి జేబులో ఉంది. ఆ రెండూ ఒక జతే అనుకున్నాం. తెరిచి ఉన్న తాళంలో చెవి పెట్టి చూడాలని ఎవరికి తడుతుంది?"

చెవి దూర్చి తిప్పింది. తిరగలేదు. పంచాయతీదారు ప్రయత్నించాడు. అతని వల్లా కాలేదు.

"దుప్పట్ల గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?" అడిగాడు సేఫ్టీ ఆఫీసర్, నింపాదిగా.

ఓనరు కళ్ళు అల్లుడి నడుముకున్న గుత్తి మీద పడ్డాయి. ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాపింది. మూడో చెవికి తాళం తెరుచుకుంది.

అల్లుడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మామయ్యగారి గెస్టులు కింద నిలబడిపోయారు. పిలిస్తే పలకలేదు, వెళ్ళిపోయాడనుకుని తాళం కోసేసి స్విచ్ వేశాను. చంపాలని కాదండీ."

"తర్వాత గుంతలో చూశావు," అంది ఇన్‌స్పెక్టర్. "కోసిన తాళం మాయం చేసి, పక్క తలుపుది తెచ్చి తగిలించావు. అంబులెన్స్‌కి ఫోన్ చేసింది దానికి ముందా, తర్వాతా?"

ఓనరు కుర్చీలోంచి లేచి, అల్లుడి వైపు చూడకుండా కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

అల్లుణ్ణి ఎక్కించుకుని జీపు కదిలాక పై ఆఫీసర్ మెట్ల మీద వాళ్ళను ఆపాడు.

"గెలిచామని సంబరపడకండి. క్యాంటీన్లో మీ వ్యవహారం అందరూ చూశారు. ఇద్దరూ కూడబలుక్కుని తాళం మార్చారంటాడు లాయరు. కేసు నిలవాలంటే ఇకమీదట ఎడంగా ఉండండి."

సేఫ్టీ ఆఫీసర్ మొహం వాడిపోయింది. ఒక మెట్టు కిందికి జరిగాడు.

ఇన్‌స్పెక్టర్ కదల్లేదు. "అననివ్వండి సార్. తాళం వాళ్ళ స్ట్రాంగ్ రూమ్‌లో, చెవి మా స్టేషన్ మాల్‌ఖానాలో ఉన్నాయి. వేరువేరు సీళ్ళు. రెండూ ఈ లాబీలోనే కలిశాయి. ఎందుకలా విడివిడిగా ఉంచారని కోర్టులో అడిగితే, ఒకరి మొహం ఒకరం నమ్మలేదు కాబట్టి అని ప్రమాణం చేసి చెబుతాను."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు నమ్ముతున్నాను. అదీ చెబుతాను."

ఆమె కింది మెట్టు వైపు తిరిగింది.

"అక్కడేం చేస్తున్నావు? పైకి రా. రిపోర్టు రాయాలి," అంది, మొదటిసారి 'నువ్వు' అంటూ.

నత్త రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు.