బస్సు పైకప్పు మీద గీత

షాపులోకి వచ్చిన అమ్మాయి గొడుగు మూయకముందే పోట్లాట మొదలుపెట్టింది. పోయినవారం ఇక్కడ కొన్న ప్రైమర్, రంగు కింద పూసే పూత, పనికిమాలినదట. సంచిలోంచి జానెడు ప్లాస్టిక్ బస్సు తీసి కౌంటర్ మీద పెట్టింది. ఎర్ర రంగు నిగనిగలాడుతోంది. పైకప్పు మధ్యలో, రెండు ముక్కలు అతికిన చోట, వెంట్రుకంత గీత మళ్ళీ తేలింది.

ముక్కలు అతికించి బొమ్మ బస్సులు, ఓడలు చేసుకునే మోడల్ కిట్ల షాపు అది, కౌంటర్ వెనకున్న అతనిది. తన సరుకును ఒక్క మాటంటే ఊరుకునే రకం కాదు. కానీ ఆమె కనుబొమ మీద వాన చినుకొకటి నిలిచి ఉంది, దాన్ని చూస్తూ కోపం సంగతి మరిచిపోయాడు.

"ప్రైమర్ బాగానే ఉందండీ. ఒకేసారి మందంగా పూసి, పైన ఆరగానే రంగు వేసేశారు. లోపలిది తర్వాత ఆరి కుంగిపోయింది."

"మీకెలా తెలుసు?"

"నేనూ ఇలాగే మూడు ఓడలు పాడుచేశాను."

ఆమె నవ్వు ఆపుకుంది గానీ, సగమే ఆగింది. తర్వాత సంగతంతా చెప్పింది. తను ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. నాన్న బస్సు డ్రైవరు, ఈ శనివారమే రిటైరవుతున్నాడు. ఆదివారం ఆయన చేతిలో ఆయన నడిపిన బస్సు పెట్టాలి. గిటారు, ఈత, కుట్టుపని, ఏది మొదలుపెట్టినా మధ్యలో వదిలేసిందని ఇంట్లో అందరూ ఆమెను సగంరాణి అంటారు. ఈ ఒక్కటి మాత్రం చివరిదాకా తన చేత్తోనే చేస్తుందట. తను చేసిపెడతానని అతనంటే ఖరాఖండిగా వద్దంది.

ఇంట్లో తెలియకూడదు కాబట్టి పని షాపులోనే సాగింది. సోమవారం రంగు కడిగేసింది. ఆ తర్వాత సన్నటి కుంచెతో గీత వెంట పలచగా ప్రైమర్ పూయడం, ఒక రోజంతా ఆరనివ్వడం, నీళ్ళతో తడిపిన గరుకు కాగితంతో రుద్దడం, వెలుగులో ఏటవాలుగా పట్టి చూడడం. గీత కనిపిస్తే మళ్ళీ మొదటికే. బుధవారానికి అతనికి బస్సు కంటే ఆమె వేళ్ళే ఎక్కువ కనిపిస్తున్నాయి.

గురువారం ల్యాబులో పని ఎక్కువై ఆమె రాలేదు. గీత ఇంకా పోలేదు. ఆదివారం చూస్తే దగ్గరపడుతోంది. అతని చెయ్యి ఊరుకోలేదు. మరో పూత పూసి, ఆరాక శుక్రవారం మధ్యాహ్నం తనే నున్నగా రుద్దేశాడు.

సాయంత్రం ఆమె వచ్చి బస్సును వెలుగులో తిప్పింది. ఆమె ఎప్పుడూ పొడుగ్గా రుద్దుతుంది. అక్కడ మాత్రం గుండ్రటి గీరలున్నాయి.

"ఇది నా చెయ్యి కాదు," అంది. "నేను వదిలేస్తానని మీరు కూడా అనుకున్నారన్నమాట."

సర్దిచెప్పడానికి సవాలక్ష మాటలున్నాయి. అతను ఒక్కటీ వాడుకోలేదు. "అనుకున్నాను. తప్పు నాదే."

ఆమె అతను రుద్దినదంతా గీకేసి కొత్తగా పూత పూసింది. శనివారం రుద్దుతున్నంతసేపూ అతను పక్కన దీపం పట్టుకుని నిలబడాలని, ఇంక దేన్నీ ముట్టుకోకూడదని ఆంక్ష పెట్టింది. అతను రెండు గంటలు నిలబడ్డాడు. చెయ్యి లాగేసినా దీపం కదలలేదు. ఆఖరికి వెలుగు ఎటు తిప్పినా గీత కనిపించలేదు. ఆమె ఎర్ర రంగు వేసి, కుంచె కడిగి, మర్నాడు తమ ఇంటికి రమ్మంది.

ఆదివారం వాళ్ళ నాన్న బస్సు పైకప్పు మీద గోటితో మెల్లగా తడిమాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు.

"ఇన్నేళ్ళు నడిపాను గానీ, దీని పైకప్పు ఎప్పుడూ చూడలేదే," అన్నాడు. "అంతా నువ్వే చేశావా?"

"అంతా నేనే నాన్నా."

ఆయన కళ్ళు తుడుచుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ అతన్ని చూపించి ఎవరని అడిగాడు.

"ప్రైమర్ అమ్ముతాడు. ఇతన్నే నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను. ఇతనికింకా చెప్పలేదు."

వాళ్ళ నాన్న బస్సును గుండెకు ఆనించుకుని అతని వైపు తిరిగాడు.

"ఏమయ్యా, విన్నావా?"

"విన్నానండీ," అన్నాడతను ఆమెనే చూస్తూ. "నేను అడిగే లోపే ఆవిడ అడిగేసింది."