గోడక్క ఎడమ చెయ్యి

"మేజోళ్ళు ఇలా ఇవ్వు. చుట్టి పక్కన కుక్కుతాను," అంది అమ్మ.

వసపిట్ట మేజోళ్ళు జతజతగా అందించింది. గది మధ్యలో నీలం సంచి నోరు తెరుచుకుని పడుకుని ఉంది. అది ఎంత పెద్దదంటే, వసపిట్ట అందులో పడుకుంటే పైన జిప్పు వేసేయొచ్చు. ఒకసారి వేసి చూశారు కూడా. తుమ్ము వచ్చి బయటపడింది.

అమ్మ దేశం తరఫున ఆడే అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి కిట్ చూసుకునే మనిషి. జెర్సీలు ఉతకడం, చిరిగితే కుట్టడం, ఎవరి బూట్లు వాళ్ళకి అందించడం ఆమె పని. జట్టు ఎక్కడికి వెళ్తే అమ్మా అక్కడికి వెళ్ళాలి. ఈసారి పెద్ద కప్పు. నెల రోజులకి తక్కువ కాదు.

నీలం సంచి అటక మీద నుంచి దిగిందంటే అమ్మ వెళ్ళిపోతున్నట్టే. ఆ రోజున వసపిట్ట ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది. మామూలుగానే గంటకొట్టినట్టు వాగుతుంది కాబట్టే ఆ పేరు వచ్చింది. అసలు పేరు బడి హాజరుపట్టీలో ఉంది. అక్కడే ఉంటుంది, బయటికి రాదు.

"అమ్మా, విమానంలో కిటికీ తెరుస్తారా? అమ్మా, నీకు అక్కడ జ్వరం వస్తే ఎవరు చూస్తారు? అమ్మా, సంచి తప్పిపోతే?"

"సంచి తప్పిపోతే జట్టంతా పైజామాలతో ఆడుతుంది. ఆ సూదిపెట్టె ఇలా ఇవ్వు."

అప్పుడే గుమ్మం దగ్గర తల వంచి ఒకామె లోపలికి వచ్చింది. తల వంచకపోతే గుమ్మం తగులుతుంది, అంత పొడుగు. ఆమే జట్టు గోల్‌కీపర్. బంతిని దాటనివ్వదని జనం ఆమెను 'గోడ' అంటారు. వసపిట్టకి గోడక్క.

"అయిందా వదినా?" అంటూ నేల మీద చతికిలబడి ఎడమ చెయ్యి చాపింది.

అమ్మ ఒక గ్లవ్ తెచ్చి ఆ చేతికి తొడిగింది. ఉంగరం వేలు దగ్గర లోపల సన్నటి ప్లాస్టిక్ బద్దలు పెట్టి కుట్టింది.

"వేలుకేమైంది అక్కా?" అంది వసపిట్ట.

"కిందటేడు విరిగింది. అతుక్కుంది కానీ వంగడం మానేసింది. మొండి వేలు. ఎడమ పక్కకి వచ్చిన బంతిని గట్టిగా పట్టుకోలేను. అందుకే పిడికిలితో గుద్దేస్తాను."

"అమ్మో! ఎవరికైనా చెప్పావా?"

"డాక్టరుకి తెలుసు. కోచ్‌కి తెలుసు. మీ అమ్మకి తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు. ఇంకెవరికీ తెలియకూడదు. తెలిసిందో, వచ్చే బంతులన్నీ అటే వస్తాయి."

అమ్మ దారం కొరికి తెంపింది. "దీని ముందా చెప్తున్నావు? దీని నోట్లో నువ్వుగింజ నానదు."

"నానుతుంది!" వసపిట్ట ఉడుక్కుంది.

"నానుతుందిలే వదినా," అంది గోడక్క, ఆ పెద్ద గ్లవ్‌తోనే వసపిట్ట బుగ్గ నొక్కుతూ.

సాయంత్రం వీధి చివర జట్టు వ్యాను ఆగింది. నాన్న, వసపిట్ట చెరోవైపు పట్టుకుని సంచి మోశారు. వసపిట్ట వైపు సంచి నేలకి రాసుకుంటూనే వచ్చింది.

"వెళ్ళొస్తాను," అంది అమ్మ.

"నేనూ వెళ్ళొస్తాను," అంది గోడక్క.

వ్యాను మలుపు తిరిగేదాకా వసపిట్ట చెయ్యి ఊపుతూనే ఉంది. తిరిగాక కూడా కాసేపు ఊపింది.

*

మొదటి మ్యాచ్ సమానంగా ముగిసింది. రెండోది మనవాళ్ళు గెలిచారు. మూడోది కిందా మీదా పడి గట్టెక్కారు. ఇక నాకౌట్. గెలిస్తే ముందుకి, ఓడితే ఇంటికి.

బడిలో మధ్యాహ్నం మెట్ల కింద పెద్ద సభ జరుగుతోంది. అన్నం డబ్బాలు తెరిచి ఉన్నాయి కానీ ఎవరూ తినడం లేదు.

"మనవాళ్ళు ఎప్పుడూ ఇంతే. మొదట ఊరించి, చివర్లో ఉసూరుమనిపిస్తారు," అన్నాడు రేడియో. వాడు ఏం విన్నా ఆపకుండా ప్రసారం చేస్తాడు. వాడి అన్న ఫోన్లో ఫుట్‌బాల్ అభిమానుల గ్రూపు నడుపుతాడు. వేలమంది ఉన్నారట అందులో.

"ముందు ఆడేవాళ్ళు గోల్ కొడితే కదా! ఎంతసేపూ బంతి వెనక్కి ఇవ్వడమే," అంది కళ్ళజోడు పిల్ల.

"ముందువాళ్ళని అనకు. తప్పంతా గోడది. మా అన్న చెప్పాడు. ఎడమ పక్కకి బంతి వస్తే పట్టుకోవడం లేదు, ఊరికే గుద్దేస్తోంది. భయం పట్టుకుంది. బద్ధకం కూడా. అది గోడ కాదు, తడిక!"

అందరూ పగలబడి నవ్వారు. "తడిక! తడిక!"

వసపిట్ట చెవులు వేడెక్కాయి. "తడిక కాదు!"

"అయితే ఎందుకు పట్టుకోదు? చెప్పు. మీ అమ్మ అక్కడే ఉందిగా? ఓహో, మీ అమ్మకి మేజోళ్ళ సంగతే తెలుసేమో!"

మళ్ళీ నవ్వులు.

"బద్ధకం కాదు!" వసపిట్ట లేచి నిలబడింది. "అక్క వేలు వంగదు! విరిగింది! గ్లవ్‌లో బద్దలు పెట్టి మా అమ్మే కుట్టింది! నేను చూశాను!"

రేడియో నోరు తెరుచుకుంది. కళ్ళజోడు పిల్ల, "అయ్యో పాపం," అంది. ఎవ్వరూ మళ్ళీ తడిక అనలేదు.

గెలిచాననుకుంది వసపిట్ట. ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

*

మర్నాడు సాయంత్రం బడి నుంచి వచ్చి, సంచి భుజాన ఉండగానే నాన్న దుకాణంలోకి వెళ్ళింది. నాన్నది క్షవరశాల. ఇంటి ముందు గదే. కప్పు నడిచే రోజుల్లో అక్కడ జుట్టు కంటే మాటలే ఎక్కువ రాలుతాయి.

కుర్చీలో కండక్టర్ మావయ్య ఉన్నాడు, మెడ దాకా తెల్లగుడ్డ కప్పుకుని. బెంచీ మీద డ్రాయింగ్ మాస్టారు పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు.

"రేపు గెలవం మాస్టారూ. రాసి పెట్టుకోండి," అన్నాడు కండక్టర్ మావయ్య.

"నువ్వు గెలుస్తామన్నది ఎప్పుడయ్యా? నీ టిక్కెట్టెప్పుడూ ఓటమి స్టాపుకే."

"అది కాదండీ. ఫోన్లో వచ్చింది, చూడలేదా? మన గోల్‌కీపర్ ఎడమచేతి వేలు పనిచేయదట. గ్లవ్‌లో ఏవో పుల్లలు పెట్టి కుట్టారట. దేశమంతా అదే మాట. మనకి తెలిసింది అవతలి జట్టుకి తెలియదా?"

కత్తెర చప్పుడు ఆగిపోయింది.

నాన్న తల ఎత్తలేదు. అద్దంలోకి చూశాడు. అద్దంలో, గుమ్మం దగ్గర, సంచితో నిలబడ్డ వసపిట్ట కనిపించింది. నాన్న కళ్ళు ఆమె కళ్ళని చూశాయి. అంతే. మళ్ళీ కత్తెర ఆడింది, మెల్లగా.

వసపిట్ట లోపలికి వెళ్ళి మంచం మీద బోర్లా పడుకుంది. మనసు మనసులో లేదు. రేడియో చెప్పాడు వాళ్ళ అన్నకి. వాళ్ళ అన్న చెప్పాడు వేలమందికి. కానీ రేడియోకి చెప్పిందెవరు?

కాసేపటికి నాన్న వచ్చాడు. చేతులకి ఇంకా వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. పక్కన కూర్చున్నాడు.

"తడిక అన్నారు నాన్నా..." అంది వసపిట్ట దిండులోకి.

"ఊఁ."

"అక్క కోసమే చెప్పాను."

"తెలుసమ్మా."

నాన్న తిట్టలేదు. తిడితేనే బాగుండేది అనిపించింది. జేబులోంచి ఫోన్ తీసి మంచం మీద పెట్టాడు.

"మ్యాచ్ రేపు. అమ్మకి ఈరోజే తెలియాలి. నేను చెప్పనా, నువ్వు చెప్తావా?"

వసపిట్ట లేచి కూర్చుంది. తనే నంబరు నొక్కింది.

"ఏం తిన్నావే వసపిట్టా?" అంది అమ్మ గొంతు, ఎక్కడో దూరం నుంచి.

"అమ్మా, నువ్వుగింజ నానలేదు," అని ఏడ్చేసింది.

ఏడుపు మధ్యలో అంతా చెప్పింది. అమ్మ తన వైపు తిరుగుతున్న వాషింగ్ మెషీను ఆపేసింది.

"సరే," అంది. "ఇప్పటికైనా నీ నోటితో చెప్పావు. నేను వెళ్ళి కోచ్‌కి చెప్పాలి. పెట్టేస్తున్నాను. ముక్కు చీదుకో."

*

మ్యాచ్ రోజు దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. వసపిట్ట సబ్బునురుగు గిన్నెల పక్కన, స్టూలు మీద కూర్చుంది.

మొదటి బంతి ఎడమ మూలకి వచ్చింది. గోడక్క పిడికిలితో గుద్దింది. తర్వాతది ఎడమకే. మళ్ళీ గుద్దింది. ఆ తర్వాతదీ ఎడమకే.

"విచిత్రంగా ఉంది," అన్నాడు టీవీలో వ్యాఖ్యాత. "అవతలి జట్టు ఈరోజు అన్నీ ఒకే పక్కకి కొడుతోంది. గోల్‌కీపర్ కూడా ఆ పక్కకే జరిగి నిలబడింది."

జరిగి నిలబడింది అంటే, అమ్మ చెప్పిందన్నమాట. వసపిట్ట స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది. ప్రతి బంతికీ గోడక్క చెయ్యి దులుపుకుంటోంది. నొప్పి పుడితేనే అలా దులుపుకుంటారు.

"ఆడుతోందయ్యా! గోడే!" అని కండక్టర్ మావయ్య అరిచాడు.

ఇక ముగుస్తుందనగా ఒక బంతి బాణంలా దూసుకొచ్చింది. గోడక్క ఎడమ వైపు ఎగిరింది. చెయ్యి తగిలింది. కానీ వంగని వేలు పక్క నుంచి బంతి జారి, నెమ్మదిగా, గీత దాటింది.

ఎవరో టీవీ కట్టేశారు. డ్రాయింగ్ మాస్టారు మాత్రం, "చివరిదాకా నిలబెట్టింది ఆ అమ్మాయే," అన్నారు. ఎవరూ కాదనలేదు.

*

రెండు రోజులకి నీలం సంచి ఇంటికి వచ్చింది. దాంతో పాటు అమ్మ. అమ్మ వెనకాల, గుమ్మం దగ్గర తల వంచి, గోడక్క.

వసపిట్ట దుకాణం కుర్చీ వెనక దాక్కుంది.

"ఇక్కడ ఏదో పిట్ట ఉండాలే," అంది గోడక్క, కుర్చీని గిర్రున తిప్పి. తిప్పాక తనే నేల మీద కూర్చుంది. అప్పుడు గానీ ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తుకి రాలేదు.

"అక్కా, వాళ్ళు నిన్ను బద్ధకం అన్నారు. అందుకే నేను..."

"అననీ. వాళ్ళు బద్ధకం అంటే నాకు నొప్పి పుట్టలేదు వసపిట్టా. ఇదిగో, ఇక్కడ పుట్టింది."

ఎడమ చెయ్యి చాపింది. వేలు వాచి ఉంది. వసపిట్ట దాన్ని ముట్టుకోవడానికి భయపడింది. తర్వాత రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది, పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు.

"ఇంకెప్పుడూ నాకేం చెప్పకు అక్కా," అంది. కన్నీళ్ళు ఆ వేలి మీదే పడ్డాయి.

గోడక్క కొంచెం ఆలోచించింది. తర్వాత వంగి, వసపిట్ట చెవిలో చెప్పింది. "ఇదే నా ఆఖరి కప్పు. ఇక ఆడను. కోచ్‌కి చెప్పాను. ఈ నెలాఖరుకి పేపర్లో వస్తుంది. ఈలోగా ఊరెళ్ళి మా అమ్మకి నేనే చెప్పాలి. ఆవిడ వేరేవాళ్ళ నోట వినకూడదు."

వసపిట్ట కళ్ళు పెద్దవయ్యాయి. "నాకెందుకు చెప్పావు?"

"నానుతుందో లేదో చూద్దామని," అని నవ్వింది గోడక్క.

లోపల అమ్మ సూదిమొనతో ఎడమ గ్లవ్ కుట్లు ఒక్కొక్కటే విప్పుతోంది. ప్లాస్టిక్ బద్దలు తీసి కిటికీ మీద పెట్టింది. ఎప్పుడూ గలగలలాడే ఇంట్లో దారం తెగే చప్పుడు వినపడింది.

వ్యాను ఎక్కేముందు గోడక్క ఖాళీ అయిన ఆ గ్లవ్‌ని వసపిట్ట చేతికి తొడిగింది. మోచెయ్యి దాకా వచ్చింది.

"వెళ్ళొస్తాను," అంది.

*

వారం తిరక్కుండానే మెట్ల కింద మళ్ళీ సభ మొదలైంది. కోచ్‌ని మార్చాలా, వద్దా? వచ్చే కప్పుకి ఎవరుండాలి, ఎవరుండకూడదు?

"గోడే ఉండాలి. ఆ వేలితో అన్ని బంతులు ఆపింది!" అంది కళ్ళజోడు పిల్ల.

"ఉంటుందా అసలు?" అన్నాడు రేడియో. "మానేస్తుందని మా అన్నకి అనుమానం. ఒసేయ్ వసపిట్టా, నీకు తెలిసే ఉంటుంది. చెప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. అన్నం కలిపే చేతులు ఆగిపోయాయి. ఇంతమంది తన మాట కోసం ఎదురుచూడటం ఎంత బాగుంటుందో వసపిట్టకి తెలుసు.

"చెప్పవే!"

"నాకు తెలీదు," అంది.

"అబద్ధం! మీ ఇంటికి వచ్చిందిగా!"

"తెలీదు."

"దీనికేం తెలీదర్రా. మొన్నటిది కూడా ఏదో గాలివాటుగా చెప్పింది. వాళ్ళమ్మ ఉతికే మేజోళ్ళ సంగతి అడగండి, చెప్తుంది!" అన్నాడు రేడియో. అందరూ నవ్వారు. కళ్ళజోడు పిల్ల కూడా నవ్వింది.

వసపిట్ట చెవులు వేడెక్కాయి. అన్నం డబ్బా మూత పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఎవరూ లేరు. నాలుక కింద నుంచి ఒక నువ్వుగింజ తీసి అరచేతిలో పెట్టుకుంది. పొద్దున్న వంటింట్లోంచి తెచ్చుకుంది. అన్నం తినేటప్పుడు కూడా దాన్ని బుగ్గన దాచింది.

గింజ నాని మెత్తబడింది.

నెలాఖరుకి పేపర్లో వచ్చింది. అప్పటికి గోడక్క వాళ్ళమ్మకి తనే చెప్పేసింది. నీలం సంచి ఆ తర్వాత ఎన్నోసార్లు అటక దిగింది, ఎక్కింది. అమ్మ వెళ్ళిన ప్రతిసారీ వచ్చింది. గోడక్క మాత్రం ఆ ఏడు వానలు మొదలైన వారంలో వాళ్ళ ఊరికే మకాం మార్చేసింది. మళ్ళీ రాలేదు.