పొద్దున పాసైన బండి

ఇక్బాలున్నీసా మెట్లెక్కి వచ్చేసరికి బీరయ్య చాయ్ సాసర్‌లో పోసుకుని తీరిగ్గా ఊదుకుంటున్నాడు. లాల్‌దర్వాజా గుడి వెనక గల్లీలో, బొగ్గుల దుకాణం మీది గదే ప్రైవేట్ డిటెక్టివ్ సోమశేఖర్ ఆఫీసు, బీరయ్య ఆయన సహాయకుడు. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది తప్పిపోయిన బర్రెల కోసం వస్తారు, మిగతా సగం ఇల్లు ఖాళీ చెయ్యని కిరాయిదార్ల మీద ఫిర్యాదుతో వస్తారు. ఈమె ముఖం చూడగానే వ్యవహారం ఆ రెండూ కాదని బీరయ్యకు తెలిసిపోయింది. కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు.

"సాబ్, మా ఆయనను పోలీసులు లోపటేసిండ్రు. మనిషిని చంపిండంటున్నరు," అంది.

బీరయ్య చేతిలోని చాయ్ ఒళ్లో ఒలికింది. ఆమె భర్త ఖదీర్ కిషన్‌బాగ్‌లో మోటార్ సైకిల్ మెకానిక్, బీరయ్యకు తెలిసినవాడే. చీమను తొక్కాల్సి వస్తే పక్కకు జరిగే రకం. అలాంటి ఖదీర్ మనిషిని చంపాడంటే బీరయ్య నమ్మలేకపోయాడు.

సోమశేఖర్ మాత్రం నిదానంగా కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆయన ఒకప్పుడు బీమా కంపెనీలో ప్రమాదాలు పరిశీలించే ఉద్యోగం చేసినవాడు. విరిగిన బండ్లను చూసీ చూసీ తను మాత్రం ఏ బండీ ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఎంత దూరమైనా నడకే. ఆయన వెంట తిరిగి బీరయ్య చెప్పులు ఎన్ని జతలు అరిగాయో లెక్కలేదు, అయినా ఆ తెలివికి బీరయ్య ఎప్పుడో దాసోహమైపోయాడు.

"మొదటి నుంచి చెప్పు చెల్లె," అన్నాడు సోమశేఖర్.

ఆమె చెప్పింది. గౌలిపురలో పాల దుకాణం నడిపే ఆగయ్య దగ్గర నిజాం కాలం నాటి ఇంగ్లీషు మోటార్ సైకిల్ ఉంది. కాగితాల గడువు తీరిపోయింది. మళ్లీ రోడ్డెక్కాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నడిపి చూపించి పాస్ చేయించుకోవాలి. ఖదీర్ ఆ బండిని విప్పి, కడిగి, బిగించి, మొన్న పొద్దున ఆగయ్యతో పాటు తీసుకెళ్లి చూపించాడు. బండి పాసైంది. ఆ సాయంత్రమే అది లాల్‌దర్వాజా దిగుడు రోడ్డులో ఆగకుండా వెళ్లి మలుపు గోడకు కొట్టుకుంది. ఆగయ్య దవాఖానకు చేరేలోపే ప్రాణం విడిచాడు. వెంట ఉన్న తమ్ముడు ఎల్లప్ప గాయాలతో బయటపడ్డాడు.

"నిన్న అదే ఇన్‌స్పెక్టర్ సాబ్ ఠాణాల మళ్ల బండి చూసిండు. ఎనక బ్రేకు కడ్డీని పట్టుకునే నట్టు లేదని రాసిండు. పొద్దున బ్రేకులు అచ్చా అని రాసిన చెయ్యే తెల్లారి బ్రేకు లేదని రాసింది. నడుమల బండిని ముట్టింది మా ఆయన ఒక్కడే అంటున్నరు."

"ముట్టిండా?" అన్నాడు సోమశేఖర్.

ఆమె తల దించుకుంది. "ముట్టిండు సాబ్. ఏదో సామాన్ తీసిండట."

ఆ సామాను సంగతి పాతబస్తీలో అందరికీ తెలిసిందే. పెళ్లికి అరువు నగలు పెట్టుకున్నట్టు, తనిఖీ రోజున పాత బండికి మంచి టైరో హారనో దోస్తు దగ్గర తెచ్చి బిగిస్తారు. పాసవగానే విప్పి ఎవరిది వాళ్లకు ఇచ్చేస్తారు. అది తప్పని ఎవరూ అనుకోరు, దొరికితే తప్ప. ఇప్పుడు ఒక ప్రాణం పోయింది కాబట్టి ఆ అలవాటే ఖదీర్ మెడకు ఉరితాడై కూర్చుంది.

ఠాణాలో సోమశేఖర్‌ను చూసి సబ్ ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "ఇంకేముందండీ దీంట్లో? మంచి బ్రేకు పెట్టి పాస్ చేయించాడు, తర్వాత విప్పేసుకున్నాడు."

ఖదీర్ కటకటాల వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒక్క రోజులోనే మనిషి సగమైపోయాడు. "అరువు తెచ్చింది హెడ్‌లైట్ ఒక్కటే భాయ్," అన్నాడు బీరయ్యను చూస్తూ. "అద్దం, బల్బు అంత పాసైనంక తీసేసి దోస్తుకిచ్చేసిన. చీకటైతే బండి తియ్యకు అని ఆగయ్య అన్నకు చెప్పిన. బ్రేకు అరువు తెస్తనా? నట్టు నా చేత్తోని బిగించిన."

"చేత్తోనా, పానాతోనా?" అడిగాడు సోమశేఖర్.

"దానికి పానా అక్కర్లే. రెక్కల నట్టు, చేత్తోనే తిప్పొచ్చు."

బండి ఠాణా వెనక పడి ఉంది. అంత పాతదైనా ఒంటి మీద తుప్పు చుక్క లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దారిలో ఆగిపోలేదని గౌలిపురలో పేరున్న బండి. సోమశేఖర్ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందర హెడ్‌లైట్ ఉండాల్సిన చోట ఖాళీ డొప్ప మాత్రం ఉంది. కుడివైపు గేరు కడ్డీ కిందికి వంగిపోయింది. ఎడమవైపు బ్రేకు పెడల్ మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన బీరయ్య చేత బండిని కొంచెం నెట్టించి, చెవి ఒగ్గి విని, "టాప్ గేరులో ఉంది," అని గొణుక్కున్నాడు.

"పంచనామాలో ఇంకేం రాశారు?" అని అడిగితే సబ్ ఇన్‌స్పెక్టర్ చదివి వినిపించాడు. రోడ్డు నిండా హెడ్‌లైట్ గాజు ముక్కలు. చనిపోయినవాడి రెండు చేతులకూ, మోచేతుల దాకా గాజు కోతలు.

అక్కడి నుంచి ఇద్దరూ దిగుడు దగ్గరికి నడిచారు. ముక్కలను ఎవరో మురుగు మోరీ పక్కకు ఊడ్చేశారు. సోమశేఖర్ ఒక ముక్క ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. బల్లలా సాపుగా ఉంది, మందంగా ఉంది. దాన్ని రుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాడు. బీరయ్యకు అందులో వింతేమిటో అర్థం కాలేదు. అడిగితే చెప్పడని తెలుసు కాబట్టి అడగనూ లేదు.

గౌలిపురలో ఆగయ్య దుకాణం సగం తెరిచి ఉంది. లోపల ఆగయ్య భార్య చంద్రమ్మ గోడకు ఒరిగి కూర్చుని ఉంది. కోవా పెట్టే అల్మారి తలుపుకు అద్దం లేదు, ఈగలు పోకుండా పాత చీర ముక్క కట్టి ఉంది.

"అద్దం ఏమైందమ్మా?" అన్నాడు సోమశేఖర్.

"పలిగి మస్తు దినాలైంది. ఏపిస్త ఏపిస్త అంటనే ఉండె." ఆమె కళ్లు ఒత్తుకుంది. "ఆ మెకానిక్ చేతులు పడిపోను. నా ఇల్లు ముంచిండు. ఈ ఎల్లప్పకు బస్సు డిపోల డ్రైవర్ కొలువు దొరికిందని ఆయన మురిసిండు. వచ్చే వారం చేరుతుండు. ఆ ముచ్చట చూడకుండనే పాయె."

ఎల్లప్ప లోపలి నుంచి వచ్చాడు. ఇరవై అయిదేళ్లు ఉంటాయి. రెండు బొటనవేళ్లకూ పట్టీలు కట్టి ఉన్నాయి.

"ఏం జరిగింది తమ్మీ?"

"ఎనక కూసున్న సార్. దిగుడుల అన్న బ్రేకు ఏసిండు. పడలే. గిట్ల తొక్కుతనే ఉన్నడు, తొక్కుతనే ఉన్నడు." చెబుతూ చెబుతూ కుడికాలితో నేలను బలంగా తొక్కాడు. ముఖం నిండా చెమట. "నేను దుంకిన. అన్న గోడకు కొట్టుకున్నడు."

"ముందటి బ్రేకు?"

"దానికది పేరుకే సార్."

"నీకు బండి నడపొస్తదా?"

"వస్తది. దోస్తుది కొత్త బండి ఉంది, గదాని మీదనే నేర్చుకున్న. అన్న బండి ఎన్నడు ముట్టలే."

"దవాఖానకు నువ్వే తీస్కపోయినవా?"

ఎల్లప్ప చూపు తిప్పుకున్నాడు. "ఆటోల ఏసి పంపిన. బండిని ఇడిసి యాడికి పోత సార్? పోలీసులు వచ్చేదాక కాపలా ఉన్న."

బయటికి రాగానే సోమశేఖర్, "బీరయ్యా, శాలిబండలో అద్దాల దుకాణాలు ఎన్ని ఉంటే అన్నీ తిరుగు," అన్నాడు. బీరయ్య చెప్పుల వైపు దిగులుగా చూసుకుని బయలుదేరాడు.

మర్నాడు పొద్దున అందరూ ఆ పాల దుకాణంలోనే కలిశారు. సబ్ ఇన్‌స్పెక్టర్ స్టూలు మీద కూర్చున్నాడు. ఇక్బాలున్నీసా గడప దగ్గరే నిలబడిపోయింది, చంద్రమ్మ ఆమె వైపు చూడను కూడా లేదు. బీరయ్య వెంట గడ్డం నెరిసిన ముసలాయన ఒకడు వచ్చాడు.

సోమశేఖర్ రుమాలు విప్పి గాజు ముక్కను గల్లా పెట్టె మీద పెట్టాడు. "ఇది హెడ్‌లైట్ అద్దమని రాశారు. హెడ్‌లైట్ అద్దం ఉబ్బెత్తుగా ఉంటుంది. ఇది సాపుగా ఉంది. పైగా ఆ సాయంత్రం ఆ బండికి హెడ్‌లైటే లేదు. అరువు సామాను కాబట్టి ఖదీర్ అప్పటికే విప్పి ఇచ్చేశాడు. అతన్ని లాకప్పులో పెట్టించిన అలవాటే ఈ సంగతి బయటపెట్టింది. మరి రోడ్డు మీది గాజు ఎక్కడిది?"

సోమశేఖర్ ఆ ముక్కను అల్మారి ఖాళీ తలుపు మీద ఆనించి చూపించాడు. "బాబూమియా, మీరు చెప్పండి."

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "శాలిబండల నా దుకాణం సాబ్. ఆ దినం సాయంత్రం ఆగయ్య అల్మారికి అద్దం కోయిపిచ్చుకున్నడు. ఎనక కూసోని రెండు చేతుల పట్టుకుంటే నేనే అందిచ్చిన. పైలంగ పో భాయ్ అన్న."

"వెనక కూర్చున్నది ఎవరు?"

"ఆగయ్యే. నడిపింది ఈ పిలగాడు."

చంద్రమ్మ తల పైకెత్తింది. సబ్ ఇన్‌స్పెక్టర్ కూర్చున్న స్టూలు కిర్రుమంది. బీరయ్యకు ఈ మాట నిన్ననే తెలుసు, అయినా ఆ ఇంట్లో, ఆమె ముందు అది మొదటిసారి విన్నట్టే ఉంది.

"అద్దం రెండు చేతులా పట్టుకున్నవాడు బండి నడపలేడు," అన్నాడు సోమశేఖర్. "అందుకే ఆగయ్య మోచేతుల దాకా కోసుకుపోయింది. హ్యాండిల్ పట్టుకున్నవాడికి బొటనవేళ్లు బెణుకుతాయి. అవి ఎవరికి బెణికాయో చూడండి. ఇక బ్రేకు మాట. ఎల్లప్ప నేర్చుకున్న కొత్త బండికి బ్రేకు కుడికాలి కింద ఉంటుంది. ఈ ఇంగ్లీషు బండికి అన్నీ తిరగబడి ఉంటాయి. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. దిగుడులో కంగారు పుట్టగానే ఇతని కుడికాలు తనకు అలవాటైన పనే చేసింది. కడ్డీ వంగేదాకా తొక్కాడు. ఆ బండిలో అది కిందికి తొక్కితే పై గేరు పడుతుంది. అందుకే మలుపు తిరగాల్సిన చోట టాప్ గేరులో దొరికింది. బ్రేకు మీద ఇతను కాలే పెట్టలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బండి మీద నెట్టేశాడు."

"మరి నట్టు?" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టర్.

"చేత్తో తిప్పితే ఊడేది. జనమంతా ఆటో వెంట ఉన్నారు. ఇతనొక్కడు బండి దగ్గర మిగిలాడు. మనిషి చావుకు కారణమైనవాడని కేసు పడితే బస్సు స్టీరింగ్ ఎవరు ఇస్తారు? పొద్దున ఖదీర్ సామాను విప్పాడని ఇతనికి తెలుసు. నింద ఎక్కడ అతుక్కుంటుందో కూడా తెలుసు."

ఎల్లప్ప మోకాళ్ల మీద కూలబడ్డాడు. "వదినా, జరంత దూరమే నడుపుత అంటే అన్న ఇచ్చిండు. కావాలని చెయ్యలే. బ్రేకు అనుకున్న వదినా, బ్రేకే అనుకున్న. కొలువు పోతదని బుగులైంది. నట్టు మోరీల పడేసిన."

చంద్రమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆ నిబ్బరం చూస్తే బీరయ్యకు భయమేసింది. ఆమె ఒక్కటే అడిగింది.

"ఆటోల ఏసేటప్పుడు ఆయనకు మాట ఉండెనా?"

ఎల్లప్ప నేలకేసి చూశాడు. "ఉండె."

"ఏమన్నడు?"

"నన్ను ఆటో ఎక్కుమన్నడు. నీకు గిట్ల దెబ్బలు తాకినయి, నువ్వు గూడ రారా అన్నడు."

సబ్ ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. సోమశేఖర్ అంతటివాడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. మంచి తెలివి కూడా ఒక్కోసారి ఎంత పాడు పని చేస్తుందో బీరయ్యకు ఆ పూటే తెలిసింది.

చంద్రమ్మ గోడ పట్టుకుని లేచింది. మరిది పక్క నుంచే నడిచి, గడప దగ్గర నిలబడ్డ ఇక్బాలున్నీసా దగ్గరికి వెళ్లింది. శాపాలు పెట్టిన నోటితోనే పిలిచింది.

"పా అక్కా, ఠాణాకు పోదాం," అంది. "మీ ఆయనను ఇడిపిచ్చుకోని వద్దాం."

ఇక్బాలున్నీసా ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గల్లీలోకి దిగారు.