షిఫ్ట్ నొక్కని ఏజెంట్

హోటల్ గది తలుపు తీస్తూనే పియానిస్ట్ కాల్చింది. ఏజెంట్ వెనకున్న డ్రైవర్ గుమ్మంలోనే కుప్పకూలాడు. రెండు నెలలుగా పియానిస్ట్ వేషంలో తన పార్ట్‌నర్‌గా పనిచేసిన ఆ అందగత్తె విదేశీ ముఠాకు డబుల్ ఏజెంటని అతనికి అప్పటిగ్గానీ తెలియలేదు.

పిస్టల్ గురిపెట్టి అతన్ని కుర్చీకి కట్టేసింది. కిటికీ అవతల రైలు వంతెన, దాని కింద బాంబు. శాంతి బృందం ఉన్న రైలు వెనక స్టేషన్లో ఆగింది. వంతెన క్లియర్ అని అతను మెసేజ్ పంపితేనే కదులుతుంది. అందులో ఇంటర్‌ప్రెటర్ అతని అక్క. స్టేషన్లో మెసేజ్ అందుకునే చీఫ్ సాక్షాత్తూ బావ.

"పాస్‌వర్డ్ చెప్పు," అంది, లాప్‌టాప్ తెరిచి.

"మా అక్కనడిగి చెప్తా."

కటింగ్ ప్లయర్‌తో అతని కుడి చూపుడువేలు విరిచింది. గది దద్దరిల్లేలా అరిచాడు.

ఎడమ చిటికెనవేలు పాత మిషన్లోనే పోయింది. షిఫ్ట్ కీ నొక్కే వేలది. అప్పట్నుంచి అతని మెసేజుల్లో కాపిటల్ లెటరన్నదే లేదు. వేరే వేలితో నొక్కొచ్చు, బద్ధకం. ఆ మెసేజులు చూసేది బావ ఒక్కడే. పదేళ్లుగా తల బాదుకుంటున్నాడు.

రెండోవేలు విరుగుతుండగా అతనికి అది తట్టింది. పాస్‌వర్డ్ చెప్పేశాడు.

ఆమె టకటకా టైప్ చేసింది. వాక్యం మొదట్లో ఒక పెద్దక్షరం, వంతెన పేరుకొకటి, రైలు పేరుకొకటి. ఎంత ముచ్చటగా ఉందో!

జవాబు వెంటనే వచ్చింది. "శభాష్ బామ్మర్దీ! రైలు కదిలింది."

పదేళ్లు ప్రాణం తీసినవాడు ఇవాళే చూసుకోలేదా!

పావుగంటకు రైలు కూత వినిపించింది. ఆమె రిమోట్ తీసింది. కుర్చీతో సహా ఆమె మీద పడ్డాడు. రిమోట్ ఎగిరిపడింది. ఆమె మడమతో అతని పళ్లు రాలగొట్టి, పాక్కుంటూ వెళ్లి బటన్ మీద వేలు పెట్టింది.

కిటికీ అద్దం పగిలింది. తూటా ఆమె గొంతులో దిగింది. వేలు బటన్ మీదే చల్లబడింది.

బావ లోపలికి దూకాడు.

"అక్క?" అన్నాడు నెత్తురు ఉమ్ముతూ.

"స్టేషన్లో టీ తాగుతోంది. కూత వేసింది ఉత్త ఇంజినే. నువ్వు కాపిటల్ పెట్టడమేంట్రా! అది చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెసేజ్ ఎక్కణ్ణుంచొచ్చిందో పట్టుకుని పరిగెత్తుకొచ్చా."

మర్నాడు ఆస్పత్రికి బావ ఒక ఆఫీస్ ఆర్డర్ తెచ్చాడు. ఈ ఏజెంట్ ఇకమీదట కాపిటల్ లెటర్ వాడితే సస్పెన్షన్. కింద తన పేరు కూడా చిన్నక్షరాల్లోనే కొట్టుకొచ్చాడు.