గురుస్వామి దొడ్డిలో పిలుపు

పెద్దారవీడు దాటి కొండవైపు పోయే బాటలో గురుస్వామి దొడ్డి ఉంది. పగలు మీసం మెలేసే మగాళ్లు కూడా పొద్దుగూకాక ఆ దారి తొక్కరు, చుట్టు తిరిగైనా పోతారు. ఖాళీగా పడి ఉన్న ఆ దొడ్డిలోంచి చనిపోయిన గురుస్వామి ఇంకా గొర్రెల్ని పిలుస్తున్నాడని ఊరంతా చెప్పుకుంటారు. విన్నది విన్నట్టే చెబుతున్నా.

ఉత్త పుకారు అనుకోవడానికీ లేదు. గురుస్వామి పోయాక ఆయన గొర్రెల్ని కొన్న పుల్లయ్య ఒట్టేసి మరీ చెప్పాడు... పిలుపు వినబడితే చాలు, మంద మొత్తం చెవులు నిక్కించి లేచి, తడిక తోసుకుని అటే పరుగట. అట్ల పోతూ పోతూ రెండు గొర్రెలు లారీ కింద పడ్డాయి.

"మీ నాయన నా మందను తోలుకపోతాండాడు పాపా," అన్నాడు భాగ్యతో. "ఏదో ఒకటి చెయ్యండి. లేదంటే ఆ దొడ్డికి అగ్గి పెడతా."

గురుస్వామి కూతురు భాగ్య, ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి వెబ్‌సైట్లు చేస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో నాయన పిలుపుల్ని రికార్డు చేసి ఒక వెబ్ పేజీ తయారుచేసింది. గొర్రె బొమ్మ నొక్కితే ఒక పిలుపు, మేక బొమ్మ నొక్కితే ఇంకొకటి, కుక్క బొమ్మకు మరొకటి. చూసి ఎంత నవ్వాడో నాయన! ఆయన పోయాక దాన్ని తెరిచే ధైర్యం ఆమెకు రాలేదు.

ఇప్పుడు తెరిచింది. ఆ పేజీయే తనంతట తాను ఎక్కడో మోగుతోందేమోనని కోడ్ అంతా వెతికింది. తప్పేమీ లేదు. అసలు ఎవరో ఒకరు వేలితో తాకితే తప్ప ఆ పేజీ నుంచి బ్రౌజర్ చప్పుడే రానివ్వదు.

మరి... తాకేదెవరు?

చీకటి పడగానే ఒక్కతే బయల్దేరింది. దొడ్డి దగ్గరికి వచ్చేసరికి—

"ట్ర్ర్ర్... యో... రాండే... రాండే..."

నాయన గొంతే! వెనక్కి తిరగబుద్ధి కాలేదు. దెయ్యమైనా సరే, నాయన కనబడితే చాలనిపించింది.

తడిక తీసింది. లోపల చిన్న వెలుగు... దాని వెనక ముసుగేసుకున్న ఆకారం... మెల్లగా తలెత్తింది.

అమ్మ!

రంగమ్మ ఒళ్లో నాయన ఫోను. అందులో ఆ పేజీ. పక్కన చిన్న స్పీకరు.

"ఏందమ్మా ఇది? ఊరంతా దెయ్యమంటాండారు..."

"అననీలే," గుసగుసగా అంది రంగమ్మ. "ఇంట్లో పెడితే నువ్వు ఏడుస్తావని ఈడికొచ్చినా."

భాగ్య ఆమె పక్కనే కూలబడింది.

"గొర్రెను పిలుస్తాడు, మేకను పిలుస్తాడు. కుక్కను గూడా పిలుస్తాడు," అంది రంగమ్మ. "నన్ను పిలిచేది యాడుందో దొరకడంలా. రోజూ వెతుకుతాండా. ఏ బొమ్మ నొక్కాల్నో చెప్పు భాగ్యా..."

భాగ్యకు గుర్తుంది. రికార్డు చేసిన ప్రతిసారీ నాయన ముందు కేకేసింది అమ్మనే. "ఒసేయ్ రంగీ, నీళ్ల చెంబు తేవే" అని. పిలుపులు శుభ్రంగా వినబడాలని ఆ ముక్కలన్నీ కత్తిరించి పారేసింది తనే. ఒక్కటంటే ఒక్కటి కూడా ఎక్కడా దాచలేదు.

"ఉందిలేమ్మా..." అంది భాగ్య. "రేపు పెడతా."

రంగమ్మ నమ్మింది. కొంగుతో ఫోను తుడిచి, భద్రంగా కూతురి చేతిలో పెట్టింది.